గుడ్డలు కుక్కిన డ్రమ్ము

“నాను సెయ్యను మాస్టారూ. ఆ సనా గుంట డ్రమ్ములో గుడ్డలు నా సేత్తో కుక్కను.”

“గుడ్డలు కాదాంటీ, ఫోమ్. అంచుకి మీరే రోజూ అతికిస్తారుగా. అదే ఇంకొంచెం ఎక్కువ.”

“అంచుకి అతికేది మోత సాగిపోకుండా. ఇప్పుడు మీరు సెప్పింది మోతే లేకుండా. రెండూ ఒకటేటి?”

“రేపు పొద్దున పోటీ. జడ్జి మైదానంలోకి దిగి, వరుస పక్కనే నడుస్తూ వింటాడు. సనా దెబ్బ లేటు. ఎన్నిసార్లు చెప్పినా లేటే. వినబడితే మార్కు కట్. వినబడకపోతే కట్ లేదు. సింపుల్.”

“అయితే రేపు నువ్వొద్దమ్మా అని మొకం మీద సెప్పండి.”

“అప్పుడు నాలుగే డ్రమ్ములుంటాయి. స్టేడియం పైనుంచి చూస్తే వరుస చొట్టగా కనబడుతుంది. ఐదుండాలి. పైగా ఆ పిల్ల ఏడుస్తుంది, వాళ్ళమ్మ ఏడుస్తుంది. పోటీ ముందురోజు ఈ ఏడుపులు నాకొద్దు. అంత మోతలో తనకేం తెలుస్తుందాంటీ? కొట్టాననే అనుకుంటుంది, హ్యాపీగా ఇంటికెళ్తుంది. అందరికీ మంచిదేగా?”

“మంచిదో కాదో దాన్ని అడిగేరా?”

“మీరు డ్రమ్ములు తుడవండాంటీ, చాలు. మ్యూజిక్ నాకొదిలెయ్యండి.”

ఇలా అన్నవాడు రవి మాస్టారు. వారమంతా ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, శని ఆదివారాలు మా డ్రమ్ కోర్‌కి నేర్పేవాడు. నేను ఆ డ్రమ్ముల గదిని చూసుకునేదాన్ని. జురాంగ్ ఈస్ట్‌లో మా కమ్యూనిటీ క్లబ్బు వెనక, చెత్త డబ్బాల పక్కన ఉండేది ఆ గది. నా జీవితంలో ఎక్కువ భాగం అందులోనే గడిచింది. ఇప్పుడు నా తర్వాత తాళం తీసుకున్న అమ్మాయి, “ఆంటీ, ఈ పని ఏమిటో రాసిపెట్టండి, మాకు పనికొస్తుంది” అంది. నేను బడికెళ్ళింది కొద్దికాలమే. రాత మొరటుగా ఉంటే సర్దుకోండి. విషయం మాత్రం మొరటుగానే ఉండాలి, ఎందుకంటే ఇన్నేళ్ళయినా నాకా కోపం చల్లారలేదు.

పని అంటే ఇది

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి నౌకా స్థావరంలో కూలి పనికి సముద్రం దాటి ఈ ఊరొచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. మా ఇంట్లో తెలుగు, వీధిలో మలయ్, కొట్టు దగ్గర తమిళం. క్లబ్బులో నేల తుడిచే పనికి కుదిరాను. అప్పటి మాస్టారు సామ్యూల్ గారు ఒకరోజు నేను తాడు బిగించి కట్టడం చూసి, “ఆ ముడి ఊడదే! ఇటు రా, ఈ డ్రమ్ముల పట్టాలు నువ్వే కట్టు” అన్నాడు. అంతే, అలా చేరాను.

డ్రమ్ కోర్ అంటే తెలియనివాళ్ళకు చెప్తాను. పిల్లలు బ్యూగిళ్ళు ఊదుతూ, డ్రమ్ములు కొడుతూ, మైదానంలో గీత గీసినట్టు నడుస్తారు. అందులో చివరి వరుస పెద్ద డ్రమ్ములది. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఐదు సైజులు. ఐదుగురు పిల్లలు భుజాల పట్టాలతో వాటిని పొట్ట మీద మోస్తూ నడుస్తారు. ఒక్కొక్కరు వేసేది ఒకటో రెండో దెబ్బలే. ఒకడు వేసిన వెంటనే పక్కవాడు వెయ్యాలి, వాడి వెంటనే ఆ పక్కవాడు. ఐదుగురివీ సందు లేకుండా అందుకుంటేనే అది ఒక మాటలా వినిపిస్తుంది. ఒక్కరు తడబడితే మాట మధ్యలో నత్తి పడుతుంది. అందుకే అన్నిటికంటే కష్టం ఆ వరుసదే, అందరూ తక్కువ చూసేదీ ఆ వరుసనే. పొట్ట మీద పీపా కట్టుకున్నట్టు ఉంటారని జనం నవ్వుతారు.

నా పని డ్రమ్ము చర్మం బిగించడం. ఇప్పుడది ప్లాస్టిక్కే అయినా మేం చర్మమనే అంటాం. అంచున ఫోమ్ అతికించడం, పట్టాలు పిల్లల ఎత్తుకు సరిచెయ్యడం, భుజం ఒరుసుకుపోయిన చోట పాత దుప్పటి ముక్క కుట్టడం, మంచినీళ్ళు. ఫోమ్ కొనేదాన్ని కాదు. మా బ్లాకు కింద ఎవరైనా పరుపు పారేస్తే పోయి కోసి తెచ్చుకునేదాన్ని. దుప్పట్లూ అంతే. కర్రలు పారేసుకుని కొత్తవి అడిగే పిల్లలను నేను వదిలిపెట్టలేదు, వెనక్కి పంపి వెతికించేదాన్ని. నన్ను చూస్తే భయపడేవాళ్ళు. భయపడటం మంచిదే. డ్రమ్ము నేలమీద దొర్లించడం మానేశారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఎవరూ చెప్పనిది ఒకటుంది. డ్రమ్ కోర్‌ని మూడు వైపుల నుంచి ముగ్గురు లాగుతారు. కుర్చీల్లో కూర్చుని చూసేవాళ్ళు ఒక వైపు, మార్కులేసే జడ్జీలు ఒక వైపు. మూడో వైపు పిల్లలు. మొదటి ఇద్దరి తరఫున మాట్లాడటానికి పెద్దమనుషులుంటారు. పిల్లల తరఫున ఎవరూ ఉండరు. ఆ పిల్లలు లేకపోతే కోరే లేదు. అయినా మీటింగులో వాళ్ళ మాట ఎత్తితే, “అదీ చూద్దాం” అని చాయ్ తెప్పిస్తారు.

సామ్యూల్ మాస్టారి ఎండ

సామ్యూల్ మాస్టారికి పోటీ ఒక్కటే దేవుడు. ఇంకేదీ కనబడేది కాదు. ఈ ఊరి ఎండ మీకు తెలుసు కదా, పదింటికే సిమెంటు పెనంలా కాలుతుంది. ఆ సిమెంటు మీద పిల్లలను నిలబెట్టి, కాలు ఒక్క అంగుళం పక్కకు పడితే మళ్ళీ మొదటి నుంచి నడిపించేవాడు. ఒకసారి ఒక పిల్లవాడు జ్వరంతో వచ్చాడు. నేను చెయ్యి పట్టి చూసి, “మాస్టారూ, ఒళ్ళు కాలిపోతంది, ఒగ్గెయ్యండి” అన్నాను. వినలేదు. కాసేపటికి ఆ పిల్లవాడు డ్రమ్ముతో సహా కూలబడ్డాడు. మాస్టారు ముందు అన్న మాట, “వరుస చెడింది.”

ఆ మాటకు నేనాయన్ని క్షమించలేదు. పిల్లవాణ్ణి ఎత్తుకుని గదిలోకి తీసుకెళ్ళి, తడిగుడ్డ వేసి, బయటికొచ్చి అందరి ముందే అడిగాను. “సెడింది వరుసేనా? మనిషి కాదా?” మర్నాటి నుంచి నీడలో నేర్పాడు. క్షమాపణ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అయినా ఆయన గురించి ఒకటి చెప్పాలి. ఆయన పిల్లలకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. “నీ దెబ్బ చెత్త” అని మొహం మీదే అనేవాడు. పిల్ల ఏడ్చేది. “ఏడవడం అయ్యాక రా, మళ్ళీ చూద్దాం” అనేవాడు. పనికిరాదనుకుంటే, “ఈసారి నువ్వు వద్దు” అని పేరు పెట్టి చెప్పేవాడు. కటికవాడే. కానీ తను ఎక్కడుందో ప్రతి పిల్లకూ తెలిసేది. కటికతనం ఒకటి, మోసం ఒకటి. కటికవాడి దగ్గర పిల్లలు ఏడుస్తారు. మోసగాడి దగ్గర నవ్వుతూనే ఉంటారు, తమకు జరిగిందేమిటో తెలియక. రెండోది చూసినప్పుడు నాకు ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

చప్పట్ల కోసం

సామ్యూల్ మాస్టారు పోయిన కొన్నాళ్ళకు సాఫ్ట్‌వేర్ వాళ్ళు దిగారు. ఒక్కసారిగా ట్రైనులో తెలుగు వినబడటం మొదలైంది. గుంటూరు తెలుగు, హైదరాబాదు తెలుగు, అనంతపురం తెలుగు. మెడలో కార్డులు వేలాడేసుకుని, ఫోనుల్లో పెద్దపెద్దగా మాట్లాడుకుంటూ. వాళ్ళ పిల్లలు మా కోర్‌లో చేరారు. సంతోషమే. కొన్నాళ్ళకు క్లబ్బు కమిటీకి ప్రసాద్ గారు పెద్ద అయ్యాడు. ఏదో కంపెనీలో మేనేజరు. రవి మాస్టారిని తెచ్చిందీ ఆయనే.

ప్రసాద్ గారు చెడ్డవాడు కాదు. ఆయనకు చప్పట్లంటే ఇష్టం, అంతే. “అమ్మా, జనాలు ఆఫీసులో అలిసిపోయి వస్తారు. ఈ మార్చింగు, ఈ లెఫ్ట్ రైటు ఎవరు చూస్తారు? కాస్త మసాలా పడాలి” అనేవాడు. సినిమా పాట పెట్టమన్నాడు. కర్రలకు మెరిసే లైట్లు కట్టమన్నాడు. పెద్ద డ్రమ్ములోళ్ళను గిర్రున తిరగమన్నాడు. నిజం చెప్పాలంటే పిల్లలకూ సినిమా పాట నచ్చింది. మార్చింగు రోజున మూతి ముడుచుకునేవాళ్ళు ఆ రోజు గెంతులేశారు. నేను ముసలిదాన్ని, నాకే కాలు ఆడింది. అందుచేత చూసేవాళ్ళ సంతోషం తప్పని నేననను. జనం చప్పట్లు కొడితే పిల్లల వెన్ను నిటారుగా అవుతుంది, కళ్ళతో చూశాను.

నాకు మండింది వేరే చోట. ఆయన కంపెనీ వార్షికోత్సవానికి మా పిల్లలను ఆడించాడు. హోటల్లో పెద్ద హాలు. సాయంత్రం రమ్మన్నారు. వెళ్ళాక వంటగది పక్కన నడవాలో నిలబెట్టారు. లోపల ఉపన్యాసం, తర్వాత ఇంకొకరి ఉపన్యాసం, తర్వాత బహుమతులు. డ్రమ్ములు పొట్ట మీదే. దింపుదామంటే, “ఇప్పుడే పిలుస్తారు, ఇప్పుడే పిలుస్తారు” అని ఒకాయన చెయ్యి ఊపుతూ తిరిగాడు. మా పిల్లల ముందు నుంచి పళ్ళేలు పళ్ళేలుగా తిండి లోపలికి పోతోంది. ఒక చిన్నది నన్ను అడిగింది, “ఆంటీ, మా మకాన్ ఎప్పుడు?” మకాన్ అంటే మలయ్‌లో తిండి. లోపల అందరూ తిన్నాక, ఆట అయ్యాక, మాకు పెట్టింది చల్లారిన నూడిల్స్. ప్రసాద్ గారు వచ్చి, “సూపర్ హిట్టమ్మా!” అన్నాడు. “హిట్టే బాబూ, నడవాలో ఆకలితో నిలబెట్టి పిల్లల్ని బాగానే కొట్టేరు” అన్నాను. ఆయన నవ్వాడు. నేను జోకు వేశాననుకున్నాడు.

ఆ రోజు డ్రమ్ములు లారీలో తిరిగొచ్చాక, నాలుగో డ్రమ్ము స్క్రూలు అటూ ఇటూగా బిగించి ఉండటం చూశాను. లారీ కుదుపులకు వదులైతే ఎవరో తోచినట్టు బిగించి ఉంటారనుకుని సరిచేశాను. అది సనా డ్రమ్ము.

సనా

సనా వాళ్ళది హైదరాబాదు. తండ్రిది బ్యాంకు కంప్యూటర్ల పని. తల్లి ఫర్జానా. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, పిల్ల మాటల్లో ఇంగ్లీషు, చివర ఈ ఊరివాళ్ళు ప్రతి మాటకూ తగిలించే “లా”. ఉండేది సెంగ్‌కాంగ్‌లో. ఆదివారం పొద్దున్నే చిన్న ట్రైనెక్కి, పెద్ద ట్రైను మారి, ఈ ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చేది. అందరికంటే ముందు గదికి వచ్చేది, తాళం తీసే వరకు మెట్టు మీద కూర్చునేది.

కోర్‌లో ఆలస్యంగా చేరింది. పెద్ద డ్రమ్ముల వరుసలో ఒకరు మానేస్తే ఆ ఖాళీలో పెట్టారు. ఎత్తైన పిల్ల, భుజాలు గట్టివి, మోయగలదు. చెయ్యి మాత్రం ఒక వెంట్రుకవాసి వెనకబడేది. కారణం నాకు తెలుసు, ఎందుకంటే అడిగాను.

“ఇంట్లో కొడతన్నావా లేదా?”

“కొడ్తున్న ఆంటీ. డైలీ. దిండు మీద.”

“దిండేటి?”

“ఫ్లాట్‌ల సౌండ్ చెయ్యొద్దు లా. పక్కింటి అంకుల్ కంప్లెయింట్ ఇస్తడు. అందుకని అమ్మీ దిండు ఇచ్చింది.”

దిండు మీద కొడితే కర్ర వెనక్కి రాదు. డ్రమ్ము మీద కర్ర గంతేస్తుంది. ఆ గంతు చేతికి అలవాటు కావాలి. ఈ సంగతి నేను రవి మాస్టారికి చెప్పాను. “ఆదివారం ఒక గంట ముందు వస్తంది కదా, ఆ పొద్దు దానికి డ్రమ్మిచ్చి పక్కనుండి కొట్టించండి.” “చూద్దామాంటీ” అన్నాడు. ఆయన చూడలేదు. పోటీ దగ్గరపడే కొద్దీ ఆయన కళ్ళకు బ్యూగిల్ వరుస, జెండాల వరుస, ప్రసాద్ గారి లైట్లు ఇవే కనబడ్డాయి. ఒకే ఆటలో జడ్జీలకు మెచ్చేదీ, జనానికి నచ్చేదీ రెండూ పెట్టాలి. ఆయన తల పగిలిపోతోంది, అది నాకూ తెలుసు. అయితే తల పగిలినవాడు ముందు ఎవర్ని తొక్కుతాడో చూడండి. నోరు లేనివాళ్ళనే.

ఫర్జానా ఒకసారి నాతో అంది, “ఆంటీ, మా పోరి క్లాసుల ఎవ్వరితో మాట్లాడదు. ఈడికొచ్చి నవ్వుతది. ఏందో మీ డ్రమ్ములు.” ఆ మాటే నాకు జ్ఞాపకం ఉండిపోయింది.

ఆ సాయంత్రం మిగతా గొడవ

“మ్యూజిక్ నాకొదిలెయ్యండి” అని రవి మాస్టారు అన్న దగ్గర ఆపాను కదా. అక్కడితో అయిపోలేదు.

“వదిలేస్తాను. డ్రమ్ము గది మాత్రం నాది. ఇందులోంచి పాడు సేసిన డ్రమ్ము బయటికి పోదు” అన్నాను.

“పాడు ఏంటి ఆంటీ? ఇదంతా మామూలే. బయట బ్యాండుల్లో ఎవరో ఒకరి చేత ఉత్తినే చెయ్యి ఆడించమంటారు.”

“ఆళ్ళకి సెప్పి ఆడిస్తారు. మీరు సెప్పకుండా డ్రమ్ము నోరు నొక్కేస్తన్నారు.”

“సరే, నేనే చేసుకుంటా. డ్రమ్ము స్క్రూలు తిప్పే తాళం ఇవ్వండి.”

“ఇవ్వను.”

ఆ తాళం నా చీరకొంగుకు కట్టి ఉంది. ఆయన దానివంక చూశాడు. పిల్లవాడు, నా కొడుకు ఈడువాడు. కళ్ళ కింద నల్లగా గుంటలు. ఒక్క క్షణం జాలేసింది. అప్పుడే ప్రసాద్ గారు వచ్చాడు. రవి మాస్టారు జరిగింది చెప్పాడు. ప్రసాద్ గారు నా భుజం మీద చెయ్యి వేశాడు.

“అమ్మా, రేపు స్పాన్సర్లు వస్తున్నారు. కప్పు వస్తే ఈ గదికి ఏసీ పెట్టిస్తా. ఒక్క పిల్ల గురించి అరవైమంది కష్టం పోగొట్టుకుంటామా?”

“బాబూ, ఆ అరవైమందిలో అదొకటి కాదేటి? దాన్ని తీసేసి లెక్కెట్టేరా?”

“అబ్బా, ఎమోషనల్ అవ్వకండి.”

“నాకు ఎమోసను కాదు, కోపం. ఇన్నాళ్ళూ పిల్లలకి నాను సెప్పిందేటి? నీ డ్రమ్ము నువ్వు సూసుకో, నీ దెబ్బ నువ్వు ఎయ్యాలి అని. రేపు ఆ గుంట కొడతాది, సెమటోడుస్తాది, మోత రాదు. దాని ఎనకాల మనమందరం నవ్వుకుంటాం. అది నవ్వుకుంటూ ఇంటికెళ్తాది. మీ కూతురైతే సేస్తారా?”

ప్రసాద్ గారు భుజం మీంచి చెయ్యి తీశాడు. “మరీ అంత మాటెందుకమ్మా” అన్నాడు. రవి మాస్టారు, “పోటీ అయ్యాక మీ విషయం కమిటీలో మాట్లాడుకుందాం” అన్నాడు. “మాట్లాడుకోండి. ఈ గదిలోకి నన్ను పిలిసింది కమిటీ కాదు” అన్నాను.

వాళ్ళిద్దరూ వెళ్ళాక తలుపు వేసి, ఐదు డ్రమ్ములూ ఒక్కొక్కటే విప్పి చూశాను. నాలుగోదాని లోపల గోడకు జిగురు మరకలున్నాయి. ఒక పక్క చిన్న పసుపు ఫోమ్ ముక్క ఇంకా అంటుకుని ఉంది. నేను అతికించేది ఎప్పుడూ చర్మం అంచునే, అదీ పాత పరుపుల తెల్ల ఫోమే. అప్పుడర్థమైంది. హోటల్లో ఆడిన రోజునే, ఏ పటకారుతోనో స్క్రూలు తిప్పి, ఈ పని చేశారు. అడిగి చేయించుకుందామని ఆయన ఇప్పుడు నా దగ్గరకు వచ్చాడు, ఎందుకంటే ఈసారి పొద్దున్నే లారీ బయల్దేరుతుంది, తనకు వీలు చిక్కదు.

జిగురంతా గోరుతో గీకేశాను. చర్మం బిగించాను. తిట్టుకుంటూనే బిగించాను.

మర్నాడు పొద్దున

పోటీ బిషాన్‌లో. స్టేడియం బయట చెట్ల కింద లారీ ఆపి డ్రమ్ములు దింపాం. పిల్లలు ఇడ్లీ పొట్లాలు, బన్నులు తింటున్నారు. సనాను పక్కకు పిలిచాను. ఎలా చెప్పాలో తెలియలేదు, అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

“సూడమ్మా. నీ దెబ్బ లేటవుతందని మాస్టారు నీ డ్రమ్ములో ఫోమ్ కుక్కమన్నారు. నాను కుక్కలేదు. హోటల్లో ఆడినప్పుడు మాత్రం కుక్కేరు. నాకు నిన్ననే తెలిసింది.”

సనా బన్ను నమలడం ఆపింది. ఏడుస్తుందేమో అనుకుని కొంగు సర్దుకున్నాను.

“నాకు తెల్సు ఆంటీ” అంది.

“ఏటి తెలుసు?”

“హోటల్ల ఫస్ట్ దెబ్బకే తెల్సింది. దిండు మీద కొట్టినట్టు ఉండె. కర్ర ఎనక్కి రాలే.”

“మరి ఎందుకు సెప్పలేదే?”

“అమ్మీ ఫోటోలు తీస్తుండె” అంది. “వెయ్ మింగ్‌కు కూడ తెల్సు. సర్ వానికి చెప్పిండు, సనా దెబ్బలు కూడా నువ్వే కొట్టు అని. వాడు నాకు సారీ చెప్పిండు. అందరికీ తెల్సు లా ఆంటీ. మీకే తెల్వదు.”

వెయ్ మింగ్ మూడో డ్రమ్ము పిల్లవాడు, సనాకు ముందు నిలబడేవాడు. పెద్దవాళ్ళం ముగ్గురం ఒక గదిలో నిలబడి అరుచుకున్నాం, సనాకు తెలియదు, తెలియకూడదు అని వాళ్ళిద్దరూ, చెప్పాలి అని నేనూ. పిల్లలు అప్పటికి ఎన్నాళ్ళ నుంచో అది మోస్తున్నారు. మాకు చెప్పలేదు. ఎందుకు చెబుతారు? ఏం చేస్తామని?

“ఇయ్యాల నీ డ్రమ్ము బాగుంది. కొడితే మోగుతాది. లేటైతే అందరికీ వినబడతాది. కొడతావా, వద్దంటావా? నీ ఇష్టం. వద్దంటే ఆ డ్రమ్ము లారీలో పెడతాను, ఎవరూ నిన్నొక్క మాట అనకుండా నాను సూసుకుంటాను.”

ఆ పిల్ల బన్ను కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. వెయ్ మింగ్ దగ్గరకు నడిచి, ఇంగ్లీషులో అడిగింది, తన దెబ్బలు తనకిచ్చెయ్యమని. “ఓకే లా” అన్నాడు. అంతే. ఇద్దరూ డ్రమ్ములు పెట్టుకోకుండానే తొడల మీద చేతులతో ఒకసారి కొట్టుకుని చూసుకున్నారు. మిగతా ముగ్గురూ వచ్చి చేరారు. సనా వెనకబడే చోట నలుగురూ తల ఊపుతూ సైగ చేశారు. మళ్ళీ కొట్టారు. ఇది చెయ్యమనే నేను రవి మాస్టారిని ఎన్ని ఆదివారాలు అడిగానో!

రవి మాస్టారు చేతిలో కాఫీ కప్పుతో వచ్చాడు. వాళ్ళను చూశాడు. సంగతి అర్థమైంది.

“సనా, నువ్వు లేటవుతావు” అన్నాడు.

“మే బీ సర్” అంది.

ఆయన నా వైపు చూశాడు. నేను పట్టాలు బిగిస్తూ ఉన్నాను, తల ఎత్తలేదు. లోపల నుంచి మా కోర్ పేరు పిలిచారు. ఇక మాటలకు వీల్లేదు. పిల్లలు వరుసలో నిలబడ్డారు. ఆయన కప్పు నాకిచ్చి ముందుకు వెళ్ళాడు.

నేను గేటు పక్కన నీళ్ళ బకెట్టుతో నిలబడి విన్నాను. జనం సినిమా పాటకు చప్పట్లు కొట్టారు. బ్యూగిళ్ళు బాగా పలికాయి. జడ్జి అట్ట పట్టుకుని పెద్ద డ్రమ్ముల పక్కన నడిచాడు. రెండు చోట్ల ఐదు దెబ్బలూ ఒక్క మాటలా వచ్చాయి. మూడో చోట నాలుగో దెబ్బ వెనకబడింది. జడ్జి అట్ట మీద ఏదో రాసుకున్నాడు. మాకు మూడో స్థానం వచ్చింది. ప్రసాద్ గారు స్పాన్సర్లతో వెళ్ళిపోయాడు. గదికి ఏసీ రాలేదు. కమిటీలో నా విషయం మాట్లాడారు. రవి మాస్టారు ఆ మీటింగుకి రాలేదట, అంచేత వాయిదా పడింది. తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ పొద్దున ఆట ముగించి సనా గేటులోంచి బయటికొచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది. నేను పట్టా విప్పి డ్రమ్ము దింపాను. చొక్కా భుజాల దగ్గర తడిసి ముద్దయింది.

“ఆంటీ, మూడోసారి లేటయిన కద?”

“అయినావు.”

“వినబడ్డదా?”

“గేటు దాకా వినబడింది.”

గ్లాసు తీసుకుని నీళ్ళు తాగింది. మూతి తుడుచుకుని, రెండో గ్లాసు అడిగింది.